ఫోన్‌లో దొరకని ఎత్తు.. బొడ్రాయి దగ్గర దొరికింది!

మా వాకిట్లో నిలబడి రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూశాను. అదే చోటు, అదే నిమిషం. సముద్ర మట్టం నుంచి ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పే యాప్ రెండింటిలోనూ ఉంది. కానీ ఒకటి చెప్పిన లెక్కకూ ఇంకోటి చెప్పిన లెక్కకూ తేడా డెబ్బై మీటర్ల పైనే! అంటే ఇరవై అంతస్తుల బిల్డింగంత. ఒక ఫోన్ ప్రకారం మేం గుట్ట మీదున్నాం, ఇంకో ఫోన్ ప్రకారం గుట్ట కిందున్నాం.

నాకు కావాల్సింది మాత్రం డెబ్బై మీటర్ల లెక్క కాదు. నాలుగు వేళ్ల లెక్క. ఆ నాలుగు వేళ్ల కోసమే మా ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది నెలలుగా మాట్లాడుకోవట్లేదు.

మోరీ కాడ మొదలైంది

మాది చింతమడక. సిద్దిపేట జిల్లా. పేరు చెప్పగానే ‘కేసీఆర్ సార్ ఊరా?’ అంటారు. ఔను, ఆ ఊరే. కానీ ఈ కథ రాజకీయం కాదు, మోరీ కథ.

మా బాపుది, పెద్దబాపుది పక్కపక్క ఇళ్లు. ఒకప్పుడు ఒకే ఇల్లు, మధ్యలో గోడ పెట్టి పంచుకున్నారు. మా వాడలో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. రోడ్డు పైకి లేచింది, ఇళ్లు కిందికి పోయాయి. పోయిన వానాకాలం ఒక రాత్రి గట్టి వాన పడితే నీళ్లు వాకిట్లోంచి ఇంట్లోకి వచ్చాయి. మా బాపమ్మ మంచం కింద పెట్టుకున్న బియ్యం సంచి తడిసింది. ఆమె అరవలేదు, ఏడవలేదు. పొద్దున లేచి బియ్యాన్ని చాటలో పోసి ఎండకు పెట్టింది. అంతే. కానీ ఆ సంచి చుట్టూ లొల్లి మొదలైంది.

‘మోరీ తియ్యాలె’ అన్నది ఇద్దరూ ఒప్పుకున్న మాట. ఎటువైపు తియ్యాలన్నదే పంచాయితీ. తూర్పు దిక్కుకు తీస్తే పెద్దబాపు ఇంటి ముందర నుంచి పోవాలి. పడమర దిక్కుకు తీస్తే మా అరుగు కొంత కొట్టాలి.

‘మన వాకిలి మీదికున్నది. నీళ్లు అటే పోతయి’ అని మా బాపు.

‘గదెట్ల? మా వాకిలే మీదికున్నది’ అని పెద్దబాపు.

మేస్త్రీలను పిలిచారు. ఒక్కరిని కాదు, ఇద్దరిని. మా మేస్త్రీ నీళ్ల పైపు పట్టి చూసి మా వాకిలే ఎత్తు అన్నాడు. వాళ్ల మేస్త్రీ అదే నీళ్ల పైపు పట్టి వాళ్ల వాకిలే ఎత్తు అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఒకాయన మా కొత్త గడప మీంచి కొలిచాడు, ఇంకొకాయన వాళ్ల పాత బండ మీంచి కొలిచాడు. మొదలే వేరైతే చివర ఎట్లా కలుస్తుంది?

అప్పుడు అర్థమైంది. మాకు కావాల్సింది ఇంకో మేస్త్రీ కాదు. ఇద్దరూ కాదనలేని ఒక గుర్తు, కదలని గుర్తు. సర్వే భాషలో దాన్నే బెంచ్‌మార్క్ అంటారు.

ఫోన్ ఎందుకు తప్పింది?

నా దోస్తు ఒకడు సైట్ల మీద లెవెల్ మిషన్ పట్టుకొని తిరుగుతాడు. ఫోన్ల సంగతి చెబితే నవ్వాడు.

‘రెండూ తప్పు కాదురా. రెండు వేరే వేరే లెక్కలు.’

వాడు చెప్పింది నా మాటల్లో ఇది. ఉపగ్రహాలకు భూమి అంటే కొంచెం నొక్కిన నున్నటి బంతి. ఆ బంతి మీంచి ఎంత ఎత్తో జీపీఎస్ చెబుతుంది. కానీ నిజం సముద్రం అంత నున్నగా ఉండదు. భూమి లోపల బరువు ఎక్కువున్న చోట గురుత్వాకర్షణ ఎక్కువ, తక్కువున్న చోట తక్కువ. దాన్ని బట్టి సముద్ర మట్టం ఒక చోట ఉబ్బుతుంది, ఒక చోట గుంట పడుతుంది. ప్రపంచంలో అన్నింటికన్నా పెద్ద గుంట మన పక్కనే ఉంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో నీటి మట్టం ఆ లెక్కల బంతి కన్నా 106 మీటర్ల దాకా కిందికి ఉంటుంది. దానికి కారణం ఏమిటో బెంగళూరు ఐఐఎస్సీ శాస్త్రవేత్తలు 2023లో ఒక వివరణ ఇచ్చారు కూడా.

ఆ గుంట ప్రభావం మన దాకా ఉంది. హైదరాబాద్ దగ్గర రెండు లెక్కలకు తేడా దాదాపు 76 మీటర్లు. ఒక యాప్ ఆ తేడా సరిచేసి చూపిస్తుంది. ఇంకో యాప్ ఉపగ్రహం చెప్పింది చెప్పినట్టే చూపిస్తుంది. అందుకే నా రెండు ఫోన్లకు అంత దూరం.

సరే, సరిచేసిన యాప్‌నే నమ్ముదామా? ఫోన్ జీపీఎస్ ఎత్తు దగ్గరికొచ్చేసరికి కొన్ని మీటర్లు అటూ ఇటూ పోతుంది. మనకేమో వేళ్ల లెక్క కావాలి. చేపల తక్కెడలో బంగారం తూచినట్టు అన్నమాట.

‘మరి నిజమైన ఎత్తు ఎక్కడ దొరుకుతది?’

‘పట్టాల పొంటి పోదాం పా’ అన్నాడు.

పట్టాల పొంటి వేట

సిద్దిపేటకు రైలు రావాలని మా పెద్దోళ్లు తరాల నుంచి అనుకున్నారు. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి దాకా 151 కిలోమీటర్ల కొత్త లైనుకు 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో శంకుస్థాపన జరిగింది. 2023 అక్టోబర్ 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు మొదలైంది. మా బాపు ఆ రైలు ఎక్కి దిగి, ‘సీటు దొరికింది’ అని వారం రోజులు చెప్పుకున్నాడు.

రైలంటే మనకు పట్టాలు, స్టేషన్లు. సర్వే చేసేవాళ్లకు మాత్రం రైలంటే ఎత్తుల వరస. ఎందుకో చూడండి.

రైలు నిటారుగా ఎక్కలేదు, మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. స్టేషన్ దగ్గరైతే ఇంకా జాగ్రత్త. 1200 మీటర్లు పోతే ఒక్క మీటరు మించి వాలు లేకపోతే మంచిదంటారు. తప్పనిసరైతే 400కి 1 దాకా. లేదంటే ఆపిన డబ్బాలు వాటంతట అవే జారిపోతాయి. అంటే రైల్వే లైను వెయ్యాలంటే ముందు నేల ఎత్తు వేళ్ల లెక్కన తెలియాలి. అందుకే లైను పొడుగునా, వంతెనల దగ్గర, స్టేషన్ల దగ్గర ఎత్తు గుర్తులు పెట్టుకుంటూ పోతారు.

మేం పట్టాల మీద నడవలేదు. ఈ మాట ముందే చెప్పాలి. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి పోతే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. అంతకన్నా ముఖ్యం, వెనుక నుంచి వచ్చే బండి మన ఇయర్‌ఫోన్స్ తీసేదాకా ఆగదు. మా వేట మొత్తం మూడు చోట్లనే: ప్లాట్‌ఫాం మీద, పట్టాల కింది నుంచి పోయే రోడ్ల మీద, రైలు కిటికీలోంచి.

మొదటి గుర్తు అందరికీ తెలిసిందే. స్టేషన్ పేరు రాసిన పసుపు బోర్డు. దాని మీద చిన్న అక్షరాల్లో ఎం.ఎస్.ఎల్. అని, పక్కన మీటర్లలో ఒక అంకె. సగటు సముద్ర మట్టం నుంచి ఆ చోటు ఎత్తు అది. ‘డ్రైవర్‌కు ఇంజిన్ ఎంత పవర్‌తో నడపాలో చెప్పడానికే ఇది’ అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. మా దోస్తు దాన్ని కొట్టిపారేశాడు. ‘స్టేషన్ ఎత్తు తెలిస్తే డ్రైవర్‌కు ఏమొస్తదిరా? ముందర ఎక్కుడా దిగుడా అన్నది తెల్వాలె. దానికి వేరే గుర్తున్నది’ అని కిటికీ పక్కన కూర్చోబెట్టాడు.

సిద్దిపేటలో ఎక్కి దుద్దెడ, గజ్వేల్ దాటి మనోహరాబాద్ దాకా కిటికీకి అతుక్కొని కూర్చున్నా. అప్పుడు కనిపించాయి, పట్టాల పక్కన రెండు చేతుల పొట్టి స్తంభాలు. చెయ్యి పైకి లేచి ఉంటే ముందర ఎక్కుడు, కిందికి వాలి ఉంటే దిగుడు. మీద అంకె ఉంటుంది. 200 అని ఉంటే 200 మీటర్లు పోయేసరికి ఒక మీటరు ఎక్కుతామో దిగుతామో అన్నమాట. వాటిని గ్రేడియంట్ పోస్టులంటారు. ఇన్నిసార్లు రైలెక్కాను, ఒక్కసారీ చూడలేదు. అప్పటిదాకా చదునుగా కనిపించిన నేల ఉయ్యాలలా ఊగుతున్నట్టనిపించింది.

రెండో రోజు బండి మీద తిరిగాం. పట్టాల కింది నుంచి రోడ్డు పోయే ఒక చిన్న వంతెన దగ్గర దోస్తు ఆగాడు. కాంక్రీటు గోడ మీద ఎర్ర పెయింటు. ఒక అడ్డగీత, దాని కిందికి ఆనుకొని బాణం గుర్తు, పక్కన టీ.బీ.ఎం. అన్న అక్షరాలు, ఒక అంకె. పెయింటు సగం పోయింది.

‘టెంపరరీ బెంచ్‌మార్క్. బాణం మొన తాకిన గీత ఉన్నది సూడు, దాని ఎత్తే ఆ అంకె. పని నడిచినన్ని రోజులు ఇదే మాకు దేవుడు.’

చేత్తో తడిమి చూశాను. ఎవరో ఎర్ర రంగుతో గీసిన గీత. దాన్ని నమ్మి ఇన్ని కిలోమీటర్ల రైలు పోతోంది!

ఇంకో చోట అట్లాంటి గుర్తే ఉండాలని వెతికాడు. దొరకలేదు. రాయి ఉన్న చోట గుంత ఉంది, పక్కన జేసీబీ పళ్ల గాట్లు. ఎవరు తీశారో, ఎందుకు తీశారో తెలియదు. ఎవరికో అది అడ్డమొచ్చిన రాయి మాత్రమే. దోస్తు మొహం మాడిపోయింది. ‘ఒక్క రాయి పోతే ఎత్తును మళ్ల యాడికెళ్లో మోసుకొని రావాలె. రెండు రోజుల పని’ అన్నాడు.

ఎత్తును మోసుకురావడం! ఆ మాట దగ్గర నేను ఆగిపోయా.

విశాఖ సముద్రం నుంచి..

నిజంగానే ఎత్తును మోసుకొస్తారు. ఎట్లాగంటే.. మధ్యలో లెవెల్ మిషన్, వెనుక ఒక మనిషి, ముందర ఒక మనిషి. ఇద్దరి చేతుల్లోనూ అంకెలున్న నిలువు బద్దలు. దాన్ని స్టాఫ్ అంటారు. వెనుక బద్ద ఎత్తు తెలిసిన చోట ఉంటుంది. మిషన్‌లోంచి వెనుక బద్ద మీది అంకె చదువుతారు, తర్వాత ముందు బద్దది చదువుతారు. రెండింటి తేడానే రెండు చోట్ల ఎత్తు తేడా. తర్వాత వెనుక మనిషి ముందుకొస్తాడు. మళ్లీ అదే. కప్పగంతుల్లాగా కిలోమీటర్లకు కిలోమీటర్లు పోతారు. నేల చదునుగా ఉంటే ఈ పని తేలిక, తప్పులు తక్కువ. అందుకే చాలా దేశాల్లో ఈ వరసలు రైలు పట్టాల పొంటే పోయాయి. పట్టాల దారి వాలు తక్కువ, స్టేషన్ కట్టడాలు, వంతెనలు గట్టివి. గుర్తు చెక్కితే నిలుస్తుంది.

మరి మొట్టమొదటి ఎత్తు ఎక్కడిది? సముద్రానిది. మన దేశంలో ఈ పని 1858లో మొదలైంది. తీరంలో ఏళ్ల తరబడి ఆటుపోట్లు కొలిచి సగటు తీశారు. 1909లో లెక్కంతా ఒక్క చోట కట్టినప్పుడు తొమ్మిది రేవుల సముద్ర మట్టాన్ని సున్నాగా తీసుకున్నారు. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, ఒడిశా తీరంలోని ఫాల్స్ పాయింట్, ఇంకోటి మన విశాఖపట్నం. స్టేషన్ బోర్డు మీద మీరు చూసే ఎం.ఎస్.ఎల్. వెనుక ఆ సముద్రాల అలలున్నాయి.

ఆ కాలం గుర్తులు ఇప్పటికీ దేశంలో అక్కడక్కడా ఉన్నాయి. రాతి మీద జీ.టీ.ఎస్. అని, మధ్యలో చిన్న చతురస్రం, బీ.ఎం. అని, కొన్నిటి మీద సంవత్సరం కూడా. పాత స్టేషన్లలో, వంతెనల మీద, గుళ్ల అరుగుల మీద ఉంటాయి. జీ.టీ.ఎస్. అంటే గ్రేట్ ట్రిగొనామెట్రికల్ సర్వే. 1802 ఏప్రిల్ 10న మద్రాసులో విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా కొలత. గొలుసులు, దుర్భిణి బిగించిన పెద్ద యంత్రాలతో దక్షిణం నుంచి ఉత్తరానికి త్రిభుజాల మీద త్రిభుజాలు కట్టుకుంటూ వచ్చారు. 1815లో బీదర్ దగ్గర నేల మీద ఒక పొడవాటి గీత కొలిచారు.

1818లో ఒక 28 ఏళ్ల కుర్ర ఆఫీసర్ హైదరాబాద్ వచ్చి లాంబ్టన్ దగ్గర చేరాడు. కృష్ణా, గోదావరి నడుమ అడవుల్లో వానాకాలంలో సర్వే చేస్తూ జ్వరాన పడ్డాడు. గుంపులో చాలామంది మంచం పట్టారు. అతను కోలుకోవడానికి ఆఫ్రికా కొసన ఉన్న కేప్ దాకా పోవాల్సి వచ్చింది. పేరు జార్జ్ ఎవరెస్ట్. 1865లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి పెట్టింది అతని పేరే. ఆ పేరున్న మనిషి మన జ్వరాలు అనుభవించి పోయాడని నాకు అప్పటిదాకా తెలియదు. మనం చదివింది శిఖరం ఎత్తు ఒక్కటే.

అతనితో పాటు గొలుసులు లాగినవాళ్లు, జెండాలు పట్టుకొని గుట్టలెక్కినవాళ్లు మనోళ్లే. వాళ్ల పేర్లు ఏ గుట్టకూ పెట్టలేదు.

వేళ్ల లెక్క ఎవరికి కావాలి?

‘గిదంతా ఇంజినీర్ల ముచ్చట, మనకెందుకు?’ అనుకోవచ్చు. మా జిల్లాలో అయితే ఆ మాట అనలేం. కాళేశ్వరం ఎత్తిపోతల లెక్క చూడండి. మేడిగడ్డ దగ్గర గోదావరి నిండు మట్టం 100 మీటర్లు. మిడ్ మానేరు 318. మా రంగనాయక సాగర్ 490, మల్లన్న సాగర్ 557, కొండపోచమ్మ సాగర్ 618. ఇవన్నీ సముద్రం నుంచి లెక్కే. నీటిని పైకి ఎక్కించేది మోటారు. కానీ రిజర్వాయర్ నుంచి పొలానికి నీళ్లు పోవాలంటే కాలువ వాలే దిక్కు. కిలోమీటరు పొడుగున కాలువ కొన్ని జానల వాలు మీదే పారుతుంది. ఆ కొంచెం తప్పితే నీళ్లు నిలబడిపోతాయి. చివరి మడికి అందవు.

ఆ కొంచెం ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కడో గోడ మీద ఎర్ర బాణం నుంచి. ఎవరో అడ్డమని పీకేసిన రాయి నుంచి.

ఇప్పుడు రాళ్ల కాలం కొంత మారుతోంది. సర్వే ఆఫ్ ఇండియా దేశమంతా వెయ్యికి పైగా స్థిర జీపీఎస్ కేంద్రాలు పెట్టింది. వాటి సాయంతో సర్వే పరికరాలు సెంటీమీటర్ల లెక్కలో చోటు చెబుతాయి. అయినా ఆ పరికరం చెప్పిన ఎత్తు సముద్ర మట్టం లెక్కలోకి సరిగ్గా మారిందా అని చూసుకోవాలంటే, ఎత్తు తెలిసిన రాయి దగ్గరికే మళ్లీ రావాలి. పాత రాయి కొత్త మిషన్‌కు సాక్షి.

బొడ్రాయి సాక్షిగా

వారం తిరిగాక దోస్తును అడిగాను. ‘మరి రైల్వే గుర్తు నుంచి మా ఊరికి ఎత్తు మోసుకొద్దామా?’

‘పిచ్చోడా, నీ మోరీకి సముద్రం ఎందుకురా? మీ ఇద్దరి ఇండ్లకు తేడా తెలిస్తే సాలు. కదలని రాయి ఒక్కటి సూపియ్యి. దాని ఎత్తు వంద అనుకుందాం. మిగతాయన్నీ దానికెళ్లి కొలుద్దాం.’

కదలని రాయి! మా గడప కదిలింది. వాళ్ల బండ కదిలింది. రోడ్డు లేచింది. కరెంటు స్తంభం కూడా రెండేళ్ల కింద మార్చారు. ఊళ్లో కదలనిది ఏముంది?

జవాబు బాపమ్మ చెప్పింది. బియ్యంలో రాళ్లేరుకుంటూ తల ఎత్తకుండానే అన్నది: ‘బొడ్రాయి లేదా బిడ్డా?’

ఊరు పుట్టినప్పుడు ఊరి బొడ్డు దగ్గర పాతిన రాయి. రోడ్లు దాని చుట్టూ తిరిగి పోతాయి గానీ దాన్ని ఎవరూ జరపరు. జేసీబీ డ్రైవర్ కూడా చెప్పులు విప్పి దండం పెట్టుకుంటాడు. వందల ఏళ్ల నుంచి ఊరు కాపాడుకుంటున్న బెంచ్‌మార్క్ మా కళ్ల ముందే ఉంది. పోయిన వారమంతా నేను ఎర్ర పెయింటు కోసం సిద్దిపేట చుట్టూ తిరిగాను!

ఆదివారం పొద్దున దోస్తు మిషన్ తెచ్చాడు. రాయి మీద బద్ద పెట్టడం బాగుండదని ఊరి పెద్దమనిషి ఒకాయనను అడిగాం. ‘రాయిని ముట్టకుర్రి, గద్దె అంచు మీద పెట్టుకోర్రి’ అన్నాడాయన. బాపు వచ్చాడు. కాసేపటికి పెద్దబాపు కూడా వచ్చి ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నేను ఇద్దరినీ ఒక్కటే అడిగా. ‘పెద్దబాపూ, బొడ్రాయి గద్దె కాడికెళ్లి కొలుస్తున్నం. మీకు ఇష్టమేనా?’

‘బొడ్రాయిని కాదంటనా?’ అన్నాడు. బాపు తలూపాడు. సగం పని అక్కడే అయిపోయింది.

గద్దె అంచును 100 మీటర్లు అనుకున్నాం. దాని మీద బద్ద నిలబెడితే మిషన్‌లో 1.245 వచ్చింది. అంటే మిషన్ కన్ను 101.245 ఎత్తులో ఉంది. ఇక ఏ చోటైనా బద్ద పెట్టి, వచ్చిన అంకెను 101.245 లోంచి తీసేస్తే ఆ చోటు ఎత్తు.

పెద్దబాపు వాకిలి: 1.610. అంటే ఎత్తు 99.635.

మా వాకిలి: 1.675. అంటే 99.570.

రోడ్డు నడుమ: 1.480. అంటే 99.765.

వాడకు తూర్పు కొస: 1.545. అంటే 99.700.

పడమర కొసన పాత మోరీ: 1.890. అంటే 99.355.

మిషన్‌ను ఇంకో చోటికి మార్చి అన్నీ మళ్లీ చదివాం. తేడా 2 మిల్లీమీటర్లు. దోస్తు చేతులు దులుపుకున్నాడు.

నేను నోట్‌బుక్ చూసుకుంటూ నిలబడిపోయా. రోడ్డు మా ఇద్దరి ఇళ్ల కన్నా ఎత్తు. తూర్పు కొస కూడా ఇద్దరి కన్నా ఎత్తు. పెద్దబాపు వాకిలి మా వాకిలి కన్నా ఆరున్నర సెంటీమీటర్లు ఎత్తు. నాలుగు వేళ్లు. పడమర కొస మాత్రం మా వాకిలి కన్నా 21.5 సెంటీమీటర్లు పల్లం. నీళ్లు పోవాల్సింది అటే. అంటే మోరీ మా ఇంటి ముందు నుంచే పోవాలి. మా అరుగే కొట్టాలి.

పెద్దబాపు చెప్పిందే నిజం. తప్పింది మా బాపు.

ఆ అంకెలు పైకి చదవడం నా వల్ల కాలేదు. నోట్‌బుక్ బాపు చేతికిచ్చాను. ఆయన చాలాసేపు చూశాడు. ఆయనకు కూడికలు తీసివేతలు బాగా వచ్చు, మార్కెట్ యార్డులో ఎవరి లెక్కనూ నమ్మడు. వేళ్ల మీద మళ్లీ లెక్కేసుకున్నాడు. తర్వాత లేచి మా అరుగు దగ్గరికి పోయి కాలితో ఒక గీత గీశాడు.

‘గీడిదాక కొడితె సరిపోతదా?’

ఆ అడిగింది నన్ను కాదు. పెద్దబాపును. ఎనిమిది నెలల తర్వాత మొదటి మాట.

పెద్దబాపు లేచి వచ్చి ఆ గీతను చూశాడు. ‘గంత ఎందుకురా? జానెడు సాలు. సిమెంటు నేను తెస్త’ అన్నాడు.

పడమర కొస దాకా 40 మీటర్లు. 40 మీటర్లకు 21.5 సెంటీమీటర్ల వాలు. దాదాపు 190కి 1. నేను రైలు కిటికీలోంచి చూసిన గ్రేడియంట్ పోస్టుల అంకెల్లాంటిదే. మా వాడ మోరీకీ రైలు పట్టాకూ ఒకటే లెక్క!

మీరూ వెతకాలనుకుంటే..

అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఈ గుర్తులను వెతకడం చాలామందికి సరదా. పాత వివరాల కాగితం పట్టుకొని పోతారు, గుర్తు దొరికితే ఫొటో తీస్తారు, ఉందో లేదో సర్వే వాళ్లకు తెలియజేస్తారు. మన దగ్గర కూడా ఒక ఆదివారం దీనికి పెట్టొచ్చు. నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి, పట్టాల మీదికి, కంచె లోపలికి పోవద్దు. ప్లాట్‌ఫాం, రోడ్డు, రైలు కిటికీ.. ఇవి చాలు. కిటికీలోంచి చెయ్యి, ఫోన్ బయట పెట్టొద్దు.

రెండు, పాత స్టేషన్ అరుగులు, వంతెనల గోడలు, గుళ్ల మెట్లు, చెరువు తూముల పక్కన చూడండి. అడ్డగీత కింద బాణం, చెక్కిన చతురస్రం, జీ.టీ.ఎస్., బీ.ఎం., టీ.బీ.ఎం. అన్న అక్షరాలు.. ఏది కనిపించినా అది ఎవరో మోసుకొచ్చిన ఎత్తు.

మూడు, సున్నం కొట్టొద్దు, గీకొద్దు, పెయింటు పొయ్యొద్దు, కదిలించొద్దు. ప్రభుత్వం పాతిన హద్దు గుర్తును చెరిపినా, జరిపినా పాత ఐపీసీ 434 సెక్షన్‌లో ఏడాది దాకా జైలు ఉండేది. కొత్త న్యాయ సంహితలో కూడా అది నేరమే.

నాలుగు, ఇల్లు కట్టేటప్పుడు, మోరీ తీసేటప్పుడు ముందు ఒక కదలని గుర్తు మీద అందరితో ఒప్పందం చేసుకోండి. తర్వాతే కొలవండి. మేస్త్రీ నీళ్ల పైపు కూడా నిజమే చెబుతుంది, మొదలు ఒకటే అయితే.

మోరీ అయిపోయింది. మొన్న వాన పడిన రాత్రి కరెంటు పోయింది. ఫోన్ లైటు వేసుకొని వాకిట్లోకి పోయా. నీళ్లు గలగలా పడమర దిక్కుకు పోతున్నాయి. పక్క వాకిట్లో ఇంకో ఫోన్ లైటు, పెద్దబాపుది. గోడ మీంచి అడిగాడు.

‘పోతున్నయా?’

‘పోతున్నయి పెద్దబాపూ.’

లోపల బాపమ్మ తన బియ్యం సంచిని మళ్లీ మంచం కిందికి నెట్టుకుంది.